అనుమానానికీ ఆధారానికీ నడుమ: మాదకద్రవ్య పరీక్షను రసాయనశాల నిర్ధారించే విధానం

ఒక మనిషి మూత్రాన్ని పరీక్షించి "ఇతడు మాదకద్రవ్యం సేవించినాడు" అని వ్రాసి ఇచ్చే కాగితం చూడటానికి చిన్నదే. కాని ఆ ఒక్క కాగితంతో చేతిలోని ఉద్యోగం పోవచ్చు; క్రీడాకారుని పతకం పోవచ్చు; విదేశయానం ఆగిపోవచ్చు; న్యాయస్థానంలో శిక్ష పడవచ్చు; అన్నిటికంటె మిన్నగా ఒక కుటుంబం పరువు పోవచ్చు. ఇంతటి బరువు మోసే ఆ కాగితం వెనుక ఉన్న శాస్త్రమేమిటి? ఫలితం తప్పు కాదని రసాయనశాల ఏ విధంగా నిశ్చయించుకుంటుంది? ఈ సంగతి రసాయనశాస్త్ర విద్యార్థులే గాక చదువుకున్న ప్రతివారూ తెలుసుకొనదగినది.

సమాధానాన్ని ముందుగానే క్లుప్తంగా చెప్పవచ్చు. మాదకద్రవ్య పరీక్ష ఒకటి కాదు, రెండు. మొదటిది అనుమానాన్ని మాత్రమే కలిగిస్తుంది. రెండవది ఆ అనుమానాన్ని నిలబెట్టడమో, కొట్టివేయడమో చేస్తుంది. ఈ రెండూ వేరువేరు సూత్రాల మీద ఆధారపడినవి. మొదటి పరీక్షను పదిసార్లు తిరిగి చేసినా అది రెండవ పరీక్షకు సాటి కాజాలదు. ఎందుకంటే ఒకే లోపం గల సాక్షి పదిసార్లు చెప్పినంత మాత్రాన అతని మాటకు బలం చేకూరదు.

మొదటి మెట్టు: జల్లెడ పట్టడం

వందలకొద్దీ నమూనాలు వచ్చే ప్రయోగశాలలో ప్రతి నమూనానూ సూక్ష్మంగా విశ్లేషించడానికి కాలమూ చాలదు, ధనమూ చాలదు. అందువల్ల ముందుగా ఒక శీఘ్రపరీక్షతో నమూనాలను జల్లెడ పడతారు. దీనికి ఇమ్యునో అస్సే అని పేరు. శరీరంలో రోగక్రిములు ప్రవేశించినప్పుడు వాటిని పట్టుకొనడానికి ప్రతిరక్షకాలు అనే మాంసకృత్తులు తయారవుతాయని మనం జీవశాస్త్రంలో చదువుకున్నాము. ఒక్కొక్క ప్రతిరక్షకం తన లక్ష్యం యొక్క ఆకారాన్ని గుర్తుపట్టి, తాళంలో తాళపుచెవి ఇమిడినట్లు దానితో జతకూడుతుంది. ఈ గుణాన్ని కొలతసాధనంగా మలచినవారు అమెరికా శాస్త్రజ్ఞులు సాలమన్ బెర్సన్, రోజలిన్ యాలో. రక్తంలోని ఇన్సులిన్‌ను కొలవడానికి వారు 1950ల చివర రూపొందించిన పద్ధతికి 1977లో యాలోకు నోబెల్ బహుమతి లభించినది. బెర్సన్ 1972లోనే మరణించినందున ఆ గౌరవం ఆయనకు దక్కలేదు.

మాదకద్రవ్యాల శీఘ్రపరీక్ష ఈ సూత్రానికే మరొక రూపం. పరీక్షనాళికలో పరిమిత సంఖ్యలో ప్రతిరక్షకాలు ఉంటాయి. వాటితోపాటు ఒక ఎంజైము తగిలించిన మాదకద్రవ్యాన్ని కొంత కలుపుతారు. పిమ్మట మూత్రాన్ని చేరుస్తారు. మూత్రంలో మాదకద్రవ్యం లేకపోతే ఎంజైము తగిలించిన అణువులే ప్రతిరక్షకాలన్నిటినీ ఆక్రమించుకుంటాయి. అట్లా బంధింపబడిన ఎంజైము పనిచేయదు. మూత్రంలో మాదకద్రవ్యం ఉన్నట్లయితే రెండింటికీ పోటీ ఏర్పడుతుంది. బస్సులో సీట్లు కొద్దిగా ఉండి ప్రయాణికులు ఎక్కువైనప్పుడు కొందరు నిలబడక తప్పనట్లు, ఎంజైము గల అణువులు కొన్ని స్వేచ్ఛగా మిగిలిపోతాయి. స్వేచ్ఛగా ఉన్న ఎంజైము పనిచేసి ద్రావణం కాంతిని గ్రహించే తీరును మారుస్తుంది. ఆ మార్పును యంత్రం కొలుస్తుంది. కొలత ఒక నిర్ణీత హద్దును దాటితే "పాజిటివ్" అనీ, దాటకపోతే "నెగటివ్" అనీ వ్రాస్తారు.

పద్ధతి చౌక, త్వరితం, సున్నితం. కాని దీనిలో పుట్టుకతో వచ్చిన లోపం ఒకటి కలదు. ప్రతిరక్షకం గుర్తించేది అణువు ఆకారాన్నే గాని దాని పేరును కాదు. ఆకారంలో కొంత పోలిక గల వేరొక అణువు వచ్చినా అది పొరబడవచ్చును. క్షయరోగులకు ఇచ్చే రిఫాంపిసిన్, అంటువ్యాధులకు వాడే ఓఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి ఔషధాలు కొన్ని కిట్లలో నల్లమందు జాతి పదార్థాలుగా కనిపించిన సందర్భాలు వైద్యగ్రంథాలకు ఎక్కినవి. జలుబు మాత్రలలో ఉండే సూడోఎఫిడ్రిన్ కొన్ని కిట్లలో యాంఫెటమిన్‌గా తోచవచ్చు. అంటే, క్షయకు క్రమం తప్పక మందు మింగుతున్న అమాయకుడు ఒక కిట్టు దృష్టిలో నల్లమందు సేవించినవాడుగా నిలబడవలసి వస్తుంది. కనుకనే శాస్త్రజ్ఞులు ఈ ఫలితాన్ని "అనుమానిత పాజిటివ్" అని మాత్రమే వ్యవహరిస్తారు.

పొడులను, మాత్రలను పట్టుకున్నచోటనే పరీక్షించే రంగు పరీక్షల సంగతీ ఇంతే. ఫార్మాల్డిహైడ్‌ను గాఢ సల్ఫ్యూరికామ్లంలో కలిపి చేసే మార్క్విస్ కారకం 1896 నాటిది. మార్ఫిన్, హెరాయిన్‌లు దానితో ఊదారంగు ఇస్తాయి. కాని రంగు కనబడినంత మాత్రాన పదార్థం ఇదేనని తేలదు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం క్రింద పట్టుబడిన సరుకు నమూనాలను, అక్కడికక్కడే కిట్టుతో పరీక్షించినప్పటికీ, ప్రభుత్వ ప్రయోగశాలకు పంపేది ఇందువల్లనే. హైదరాబాదు రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ విజ్ఞాన ప్రయోగశాల అట్టి సంస్థలలో ఒకటి.

రెండవ మెట్టు: వేరుచేయడం

నిర్ధారణ పరీక్షకు మొదటి పరీక్షలో వాడిన ద్రవాన్ని వాడరు; సీసాలోని అసలు నమూనా నుండి మరల కొంత భాగాన్ని తీసుకుంటారు. మొదటిసారి పొరపాటున ఒక నాళిక మారిపోయి ఉన్నట్లయితే అది కూడా ఇక్కడ బయటపడుతుంది.

మూత్రంలో వేలాది పదార్థాలు కలిసి ఉంటాయి. అందులో మార్ఫిన్ ఉన్నదా అని తేల్చడానికి ముందుగా దానిని తక్కినవాటి నుండి విడదీయవలెను. ఇట్లా విడదీసే విద్యకు క్రొమటోగ్రఫీ అని పేరు. మన పాఠ్యగ్రంథాలు వర్ణలేఖనం అంటాయి. దీనికి ఆద్యుడు రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్. ఆయన 1903లో వార్సాలో, ఆకుల నుండి తీసిన రంగుల మిశ్రమాన్ని సుద్దపొడి వంటి పదార్థం నింపిన గాజుగొట్టం గుండా పోనిచ్చి, పసుపు, ఆకుపచ్చ రంగులు వేరువేరు పట్టీలుగా విడిపోవడం చూపినాడు. 1952లో ఆంథొనీ జేమ్స్, ఆర్చర్ మార్టిన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు ద్రవానికి బదులు వాయువు ప్రవహించే గ్యాస్ క్రొమటోగ్రఫీని ప్రకటించినారు. అంతకు పూర్వం చేసిన క్రొమటోగ్రఫీ కృషికి మార్టిన్ అదే సంవత్సరం రిచర్డ్ సింజ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

నేటి యంత్రంలో ఈ గొట్టం వెంట్రుక వంటి సన్నని సిలికా నాళం. దాని లోపలి వ్యాసం సాధారణంగా ఒక మిల్లీమీటరులో నాలుగవ వంతు. పొడవు 15 నుండి 30 మీటర్లు. దానిని చుట్టగా చుట్టి ఒక వేడిపెట్టెలో అమర్చుతారు. లోపలి గోడకు పలుచని పూత ఉంటుంది. నాళం గుండా హీలియం వాయువు ప్రవహిస్తుంది. ఆవిరిగా మారిన నమూనా ఆ వాయువుతో కలిసి పయనిస్తుంది. పూతతో ఎక్కువ ఆకర్షణ గల అణువులు దారిలో ఆగి ఆగి వెనుకబడతాయి. ఆకర్షణ తక్కువైనవి ముందుగా బయటపడతాయి. ఒక పదార్థం నాళాన్ని దాటడానికి పట్టే కాలం, పరిస్థితులు మారకుండా ఉన్నంతవరకు, దాదాపు స్థిరం. ఈ నిష్క్రమణ కాలమే ఆ పదార్థానికి మొదటి గుర్తు.

అయితే మార్ఫిన్‌ను ఉన్నదున్నట్లుగా నాళంలోకి పంపడం కుదరదు. శరీరం దానిలో ఎక్కువ భాగాన్ని గ్లూక్యురోనిక్ ఆమ్లంతో జతచేసి విసర్జిస్తుంది. ఎంజైముతోనో ఆమ్లంతోనో ఆ బంధాన్ని ముందు తెంచవలెను. పిమ్మట తగిన ద్రావణితో మార్ఫిన్‌ను మూత్రం నుండి బయటికి లాగవలెను. అప్పటికీ అది సులభంగా ఆవిరి కాదు. దాని రెండు హైడ్రాక్సిల్ సమూహాలే దానికి కారణం. ఒక్కొక్క హైడ్రాక్సిల్‌లోని హైడ్రోజన్‌ను తీసి ట్రైమిథైల్‌సిలైల్ సమూహాన్ని తొడిగితే ఆ ఇబ్బంది తొలగిపోతుంది. ఒక్కొక్క తొడుగుతో అణుభారం 72 పెరుగుతుంది. మార్ఫిన్ అణుభారం 285. రెండు తొడుగులతో 429 అవుతుంది. ఈ సంఖ్యను గుర్తుంచుకుందాము.

మూడవ మెట్టు: తూకం వేయడం

నాళం నుండి బయటపడిన పదార్థం నేరుగా మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలోకి ప్రవేశిస్తుంది. ఇది అణువుల తక్కెడ. అక్కడి శూన్యంలో అణువులను వేగంగా వచ్చే ఎలక్ట్రానులు తాకుతాయి. ఆ దెబ్బకు అణువు విద్యుదావేశం పొందడమే గాక ముక్కలుగా చీలిపోతుంది. ఆవేశం గల ఆ ముక్కలను వాటి భారాన్ని బట్టి యంత్రం వేరుచేసి లెక్కిస్తుంది. ఏ అణువు ఏయే ముక్కలుగా, ఏ నిష్పత్తిలో చీలుతుందో అది ఆ అణువు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. కనుక ఆ ముక్కల పట్టిక మనిషి వేలిముద్ర వంటిది. తొడుగులు వేసిన మార్ఫిన్ విషయంలో 429 వద్ద పూర్తి అణువు కనబడుతుంది. దాని నుండి 15 భారం గల ఒక మిథైల్ సమూహం ఊడిపోగా 414 వద్ద మరొక గుర్తు కనబడుతుంది. మరికొన్ని ముక్కలూ ఉంటాయి. ఆ గుర్తులన్నీ కనబడవలెను. వాటి పరస్పర నిష్పత్తి శుద్ధమైన మార్ఫిన్ ఇచ్చే నిష్పత్తితో నిర్ణీత పరిమితికి లోబడి సరిపోవలెను. నిష్క్రమణ కాలమూ సరిపోవలెను. వీటిలో ఏది తప్పినా ఫలితాన్ని "పాజిటివ్" అని వ్రాయరాదు.

ఈ రెండు యంత్రాలను జతచేయడంలోని ఔచిత్యం ఒక ఉదాహరణతో విశదమవుతుంది. నొప్పి నివారణకు వాడే హైడ్రోమార్ఫోన్ అనే ఔషధం అణుభారం కూడా మార్ఫిన్ వలెనే 285. దగ్గు మందులలోని కోడీన్, మరొక ఔషధమైన హైడ్రోకోడోన్, రెండింటి అణుభారమూ 299. భారం ఒక్కటే చూస్తే తక్కెడ మోసపోతుంది. కాని నాళంలో వాటి ప్రయాణకాలం వేరు. చీలిపోయే తీరు వేరు. గడియారం, తక్కెడ, వేలిముద్ర మూడూ ఏకమై చెప్పినప్పుడే పదార్థం పేరు వ్రాస్తారు. ఆవిరి చేయనవసరం లేకుండా ద్రవరూపంలోనే వేరుచేసే యంత్రాలను నేడు అనేక ప్రయోగశాలలు వాడుతున్నవి. అయినను వేరుచేసి తూచడమనే సూత్రం అదే.

ఉన్నదని తేలిన తరువాత ఎంత ఉన్నదో కూడా చెప్పవలెను. ఇంత వడపోతలో కొంత మార్ఫిన్ నష్టం కాక తప్పదు. మరి మొదట ఎంత ఉండినదో ఎట్లా తెలుస్తుంది? ఇందుకు చేసే ఉపాయం సులభమైనది. పని ప్రారంభించేటప్పుడే మూడు హైడ్రోజన్‌లకు బదులు బరువైన డ్యుటీరియం పరమాణువులు గల మార్ఫిన్‌ను తెలిసిన పరిమాణంలో నమూనాకు కలుపుతారు. గుణాలలో అది మార్ఫినే. తూకంలో మాత్రం మూడు ఎక్కువ, అంటే 432. సంతకు తోలే మందలో గుర్తు వేసిన పది గొర్రెలను కలిపి పంపితే, సంతలో గుర్తున్నవి ఎన్ని మిగిలినవో లెక్కించి దారిలో మంద ఎంత తరిగినదో చెప్పవచ్చు గదా! ఇదీ అంతే.

గసగసాల చిక్కు

ఇంతవరకు చెప్పినది "ఏమున్నది?" అన్న ప్రశ్నకు సమాధానం. "అది ఎక్కడి నుండి వచ్చినది?" అన్నది వేరు ప్రశ్న. ఈ భేదాన్ని బోధించేది మన వంటింటి వస్తువే. కుర్మాలోను, మసాలాకూరలలోను వేసే గసగసాలు, ఉర్దూ ఇండ్లలో ఖస్‌ఖస్ అని పిలిచేవి, నల్లమందు మొక్క విత్తనాలే. విత్తనం లోపల మార్ఫిన్ దాదాపు ఉండదు. కాయ నుండి స్రవించే పాలు కోతలో విత్తనం పైపొరకు అంటుకుంటాయి. కడిగితే కొంత పోతుంది గాని పూర్తిగా పోకపోవచ్చు. కనుక గసగసాలు తిన్నవారి మూత్రంలో నిజమైన మార్ఫిన్ కనబడవచ్చును. ఇక్కడ కిట్టు పొరబడలేదు. తూచే యంత్రమూ పొరబడలేదు. మార్ఫిన్ ఉన్నమాట నిజం. సేవించినాడన్న నిందయే అబద్ధం.

అమెరికా ప్రభుత్వం 1988లో తన ఉద్యోగుల పరీక్షలకు నియమావళి ఏర్పరచినప్పుడు నల్లమందు జాతి పదార్థాలకు మిల్లీలీటరు మూత్రంలో 300 నానోగ్రాములను హద్దుగా పెట్టినది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఈ హద్దుకు గసగసాలు తిన్నవారూ, వైద్యుని సలహాపై కోడీన్ త్రాగినవారూ చిక్కుకొనసాగినారు. కోడీన్‌లో కొంత భాగాన్ని శరీరమే మార్ఫిన్‌గా మార్చుతుంది. అందువల్ల 1998లో ఆ హద్దును 2,000 నానోగ్రాములకు పెంచినారు. అంటే లీటరుకు రెండు మిల్లీగ్రాములు. అంతటితో ఆగక, హెరాయిన్‌కు మాత్రమే చెందిన గుర్తును వెదకవలెనని విధించినారు.

ఆ గుర్తు 6-మోనోఎసిటైల్‌మార్ఫిన్. హెరాయిన్ అంటే రెండు ఎసిటైల్ సమూహాలు తగిలిన మార్ఫిన్, అణుభారం 369. శరీరంలో మొదటి ఎసిటైల్ ఊడిపోగా 327 భారం గల ఈ పదార్థం ఏర్పడుతుంది. రెండవది కూడా ఊడిపోతే 285 భారం గల మార్ఫిన్ మిగులుతుంది. గసగసాలు ఎంత తిన్నా, కోడీన్ ఎంత త్రాగినా శరీరంలో ఈ 327 భారం గల పదార్థం పుట్టదు. కనుక అది కనబడితే హెరాయిన్ సేవించినట్లు నిశ్చయం. కనబడకపోతే మాత్రం నిశ్చయంగా ఏమీ చెప్పలేము. కొద్ది గంటలలోనే అది మూత్రం నుండి మాయమవుతుంది.

విదేశాలకు పోయే మనవారికి మరొక హెచ్చరిక. సింగపూరు, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశాలలోకి గసగసాలను తీసుకొనిపోవడం నిషిద్ధం. తల్లి ప్రేమతో కట్టి ఇచ్చే మసాలా పొట్లంలో అవి లేకుండా చూసుకొనడం మంచిది.

యంత్రం చేయలేని పని

యంత్రం ఎంత గొప్పదైనా దాని హద్దులు దానికి కలవు. 2002లో అమెరికాలోని సాల్ట్‌లేక్ నగరంలో జరిగిన శీతకాల ఒలింపిక్స్‌లో మంచుజారుడు పోటీలో కాంస్యపతకం గెలిచిన బ్రిటిష్ క్రీడాకారుడు అలెన్ బాక్స్‌టర్ నమూనాలో మెథాంఫెటమిన్ కనబడినది. ముక్కుదిబ్బడకు అక్కడి అంగడిలో కొన్న విక్స్ ఇన్‌హేలర్ దానికి కారణమని ఆయన చెప్పుకున్నాడు. బ్రిటన్‌లో అమ్మే అదే పేరు గల ఇన్‌హేలర్‌లో ఆ పదార్థం ఉండదు. మెథాంఫెటమిన్‌కు కుడి, ఎడమ చేతుల వలె అద్దంలో ప్రతిబింబాలైన రెండు రూపాలు ఉన్నవి. ఇన్‌హేలర్‌లో వాడే ఎడమ రూపానికి ఉత్తేజకశక్తి చాలా తక్కువ. రెండింటి భారమూ ఒకటే, సాధారణ నాళంలో ప్రయాణకాలమూ ఒకటే. వాటిని విడదీయడానికి ప్రత్యేక విధానం అవసరం. ఆయన మోసగించదలచలేదని క్రీడా న్యాయస్థానం అంగీకరించినప్పటికీ, నియమావళి రెండు రూపాలకు భేదం చూపలేదు గనుక పతకం తిరిగి రాలేదు.

బ్రిటిష్ పరుగుపందెగత్తె డయాన్ మోడాల్ ఉదంతం మరింత బోధకమైనది. 1994 జూన్‌లో లిస్బన్‌లో ఇచ్చిన ఆమె నమూనాలో టెస్టోస్టిరాన్ నిష్పత్తి అసాధారణంగా ఎక్కువగా ఉన్నదని తేలినది. ఆమె నాలుగేండ్ల నిషేధానికి గురియైనది. కాని ఆ నమూనాను వేసవి వేడిలో శీతలపెట్టెలో పెట్టకుండా ఉంచినారనీ, అట్టి స్థితిలో సూక్ష్మజీవులు పెరిగి మూత్రంలోని పదార్థాలను మార్చగలవనీ విచారణలో బయటపడినది. 1995లో ఆమె నిషేధం రద్దయినది. యంత్రం తన ముందున్నదానినే తూచింది. దాని ముందుకు వచ్చినది అప్పటికే చెడిపోయిన నమూనా.

నమూనా మంచిదై యంత్రం సరియైనదైనా విశ్లేషకుని నిజాయితీ లేకపోతే అన్నీ వ్యర్థం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రయోగశాలలో ఒక విశ్లేషకురాలు అనేక నమూనాలను పరీక్షించకుండానే పరీక్షించినట్లు ఫలితాలు వ్రాసినదని 2012లో వెల్లడి అయినది. ఆమె 2013లో నేరం అంగీకరించి జైలుకు వెళ్ళినది. 2017లో అక్కడి న్యాయస్థానం 21,000కు పైగా కేసులను కొట్టివేసినది. ఆ కాగితాలను నమ్మి శిక్షించినవారి జీవితకాలాన్ని ఎవరు తిరిగి ఇవ్వగలరు?

అందుకే మంచి ప్రయోగశాల తనను తానే అనుమానించుకుంటుంది. నమూనా సీసాకు ముద్ర వేయడం, అది ఎవరి చేతి నుండి ఎవరి చేతికి ఏ వేళ మారినదో వ్రాసి ఉంచడం, క్రీడలలో నమూనాను రెండు సీసాలుగా విభజించి రెండవదానిని భద్రపరచడం, మాదకద్రవ్యం లేని నమూనాలను, తెలిసినంత ఉన్న నమూనాలను విశ్లేషకునికి చెప్పకుండా మధ్యలో కలపడం, ఇవన్నీ ఆ స్వీయపరీక్షలో భాగాలు. ప్రయోగశాలలకూ పరీక్ష తప్పదు. ఢిల్లీలోని జాతీయ డోప్ పరీక్షా ప్రయోగశాల ప్రమాణాలలో లోపాలు కనబడగా ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2019 ఆగస్టులో దాని గుర్తింపును నిలిపివేసినది. లోపాలు సరిదిద్దుకున్న పిమ్మట 2021 డిసెంబరులో పునరుద్ధరించినది.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! మాదకద్రవ్యాల కీడు ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ కీడును అరికట్టవలసినదే. కాని అరికట్టే తొందరలో నిరపరాధిని శిక్షించే హక్కు ఎవరికీ లేదు. మీరు రేపు ఉద్యోగానికో, క్రీడాపోటీకో, విదేశానికో పోయేటప్పుడు ఇట్టి పరీక్ష ఎదురుకావచ్చు. అప్పుడు వాడుతున్న మందుల పేర్లను ముందుగానే వ్రాసి ఇవ్వండి. వైద్యుని చీటీ దాచుకోండి. సీసాకు మీ ఎదుటనే ముద్ర వేయించండి. ఫలితం ప్రతికూలంగా వస్తే అది శీఘ్రపరీక్ష ఫలితమా, నిర్ధారణ పరీక్ష ఫలితమా అని వినయంగా, కాని స్పష్టంగా అడగండి.

పాలకవర్గ సభ్యులకూ ఒక మనవి. విద్యాసంస్థలలోగాని వసతిగృహాలలోగాని కిట్టు పరీక్షలు జరపవలసి వచ్చినప్పుడు, కిట్టు చూపిన గీతను తీర్పుగా భావించి ఏ విద్యార్థినీ బహిష్కరించరాదు. నిర్ధారణ వచ్చేవరకు ఆ పేరు నోటీసు బోర్డు మీదికి గాని, పత్రికలకు గాని, సహవిద్యార్థుల నోటికి గాని చేరరాదు. నిర్ధారణ పరీక్షకు అయ్యే ఖర్చు స్వల్పం కాకపోవచ్చు. అది ఒక విద్యార్థి భవిష్యత్తు కంటె ఎక్కువ మాత్రం కాదు. నిర్ధారణ జరిగినా, పదార్థం ఎక్కడిదని ఒక వైద్యుడు విద్యార్థిని అడిగి తెలుసుకున్న తరువాతనే నిర్ణయం తీసుకొనవలెను. వ్యసనమే నిజమని తేలిన పక్షంలో ఆ బిడ్డకు కావలసినది చికిత్స.